చుక్క లేని ఇల్లు

"ఊ కొట్టకే ఊ కొట్టకే ఒంటరి పిల్లా,
నువ్వు ఊ కొడితే ఇల్లే ఊ కొడుతుందీ..."

తర్వాతి చరణం ఎంత గింజుకున్నా గుర్తుకు రావడం లేదు. చిన్నప్పుడు తాడాట ఆడుతూ పాడేవాళ్లం.

మా వీధి చివరి ఇల్లు అచ్చం అలాగే ఊ కొడుతుందని అందరికీ హడలు. పగలు బస్సుల రొదలో ఏమీ వినపడదు. వీధి సద్దుమణిగాక, వెనక గదిలోంచి... ఊఁ... స్స్... అని. పళ్ల సందున ఎవరో గాలి వదులుతున్నట్టు. అద్దెకొచ్చినవాళ్లు తలనొప్పంటూ నెల తిరక్కుండా ఖాళీ చేసేవాళ్లు.

అలాంటి ఇంటిని మా అల్లుడు కొంటానన్నాడు. అప్పటికి మా అమ్మాయి మూడు నెలల పాపతో నా దగ్గరే ఉంది. "ఆ ఇంట్లో నా బిడ్డను పడుకోబెట్టనంటే పడుకోబెట్టను" అని దాని ఏడుపు.

అల్లుడు నవ్వాడు. మమ్మల్ని చూస్తే అతనికి ఎప్పుడూ నవ్వే. ఫోన్ తీసి మ్యాపు చూపించాడు. మా వైపు ఒకప్పుడు చమురు, గ్యాసు కోసం భూమిలోకి గొట్టాలు దింపి, తర్వాత వదిలేశారట. ఆ బావులన్నిటినీ సర్కారు ఆఫీసువాళ్లు మ్యాపులో చుక్కలుగా పెట్టారట. నడిచేది పచ్చ చుక్క, మూసేసింది బూడిదరంగు చుక్క.

"ఆ ఇంటి మీద చుక్క ఉందా అత్తయ్యా? లేదు. చుక్క లేనిచోట బావీ లేదు, గ్యాసూ లేదు. నీళ్ల పైపు కారుతోంది, అంతే."

"మరి ఊ కొడుతున్నదెవరండీ?" అంది అమ్మాయి.

"మీ అమ్మే అయ్యుంటుంది. ఈ వయసులో అక్షరాలే వచ్చాయి, ఇక ఆవిడకు రానిదేముంది?"

నాకూ నవ్వొచ్చింది. కాలి కింద ఏముందో తెలుసుకోవడానికి అరచేతిలోకి చూసుకునే మనిషి ఎదురుగా ఉంటే రాదూ మరి?

ఆ రాత్రి ఎనిమిదింటికి, అమ్మాయి నోరు మూయించాలని దాన్ని వెంటబెట్టుకుని వెళ్లాడు. పాప నా ఒళ్లో ఉంది. అక్కడ జరిగింది అమ్మాయి చెబితే విన్నదే.

ముందు మీటరు దగ్గర నీళ్లు కట్టేశాడట. "ఇప్పుడు విను."

ఊఁ... స్స్...

ఆగలేదు.

"పైపులో మిగిలిన గాలిలే" అన్నాడట. గొంతు మాత్రం కాస్త దిగింది. బకెట్టు నీళ్లు తెచ్చి వెనక గది గచ్చు మీద కుమ్మరించాడట, ఎటు ఇంకుతాయో చూద్దామని. ఇంకలేదు. గోడవార ఒక బుడగ లేచింది. దాని ముందు ఇంకోటి. నేల పగులు వెంబడే, ఒకదాని తర్వాత ఒకటి... గచ్చు కింద ఎవరో అడుగులో అడుగు వేసుకుంటూ అతని వైపే వస్తున్నట్టు.

"ఏమండీ..."

"ష్... చుక్క లేదు" అని గొణిగాడట. "చుక్క లేదే..."

ఆఖరి బుడగ అతని బొటనవేలి దగ్గర పగిలింది. అంతే — ఒక చెప్పు అక్కడే వదిలేసి వీధిలో పడ్డాడు మహానుభావుడు. మ్యాపు మాత్రం చేతిలో భద్రంగా ఉంది!

తెల్లారగానే ఆ మ్యాపు తయారుచేసే ఆఫీసుకు పరిగెత్తాడు. గుమాస్తా తాపీగా చెప్పాడట — పాత బావుల్లో నలభై మూడు ఎక్కడున్నాయో తెలియదు, చోటు రాయనిదే కంప్యూటరు తీసుకోదు, అందుకని నలభై మూడింటినీ తమ ఆఫీసు కప్పు మీదే పెట్టేశారు. ఒకదాని మీద ఒకటి పడి, పైకి ఒక్క చుక్కలా కనిపిస్తాయి.

ఏం తెలివి! అక్షరాలు దిద్దే రోజుల్లో నేను రాని అక్షరం దగ్గర ఖాళీ వదిలేదాన్ని. అన్ని చదువులు చదివిన ఈ బాబులకు ఖాళీ వదలడం ఎవరూ నేర్పలేదు కాబోలు.

అల్లుడు ఆ నలభై మూడు బావులవీ, అక్కడెవరూ విప్పి చూడని పాత చీటీలు తీయించి, అక్కడే కూర్చుని చదవసాగాడు. మూడో చీటీలోనే వీధి చివరి ఇల్లు దొరికింది: "వంటింటి గడపకు పన్నెండడుగుల దూరం." దెయ్యం కాదు, గ్యాసేనని అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాడు. ఆ ఒంటి చెప్పు తలుచుకుని మేమిద్దరం పడీపడీ నవ్వాం.

కాసేపటికి మళ్లీ ఫోన్ మోగింది. అమ్మాయి పాపకు స్నానం చేయిస్తోంది. పాలు కాచాలని అగ్గిపెట్టె పట్టుకున్నదాన్ని, నేనే ఎత్తాను. అవతల కాగితాల చప్పుడు... అతని ఊపిరి... ఎప్పుడూ ఉండే ఆ నవ్వు లేదు.

"అత్తయ్యా... పదిహేడో చీటీలో మీ ఇంటి నంబరుంది. పొయ్యి వెలిగించకండి."