ఉమ్మడి గోడకు చెమ్మ

ఆ ఉదయం కూడా ఖైరున్ బీ వంటింటి పంపు మొదట్లో కట్టిన పాతగుడ్డ విప్పి, పిండి, మళ్ళీ కట్టింది. పైపు కారుతోందని ఎవరన్నా అంటే ఆవిడకు గిట్టదు. భర్త బాజి పోయి మూడు నెలలైనా కాలేదు. భర్త పోయిన స్త్రీ పాటించే నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ గడువు తీరేదాకా పరాయి మగవాడు ఇంట్లో అడుగు పెట్టకూడదంది. ప్లంబర్ని తెస్తానన్న కొడుకు సుహైల్ ఆ మాటతో ఊరుకుని, బందరు బస్టాండులో కోడూరు బస్సెక్కి పనికి పోతున్నాడు. నిమ్మకు నీరెత్తినట్టు ఉండడంలో అతన్ని మించినవాడు లేడు.

కోడలు ముబీనా పెరుగు తోడు కోసం పక్కింటి వెంకాయమ్మ దగ్గరికి వెళ్ళింది. రెండిళ్ళకూ నడిమి గోడ ఒకటే, వీళ్ళ వంటింటి పంపు ఉన్న గోడే. పురిటికి వస్తున్న తన కూతురు లిఖిత కోసం వెంకాయమ్మ సర్దిన గదిలో, ఆ గోడ నడుమెత్తు దాకా నల్లగా బూజుపట్టి పెచ్చులూడుతోంది.

"చెప్పలేదేమండీ పిన్నిగారూ?"

"దుఃఖంలో ఉన్న మనిషికి పంపు సంగతేం చెప్తామమ్మా? గడువయ్యాక చెబుదామనుకున్నా. లిఖితను హాల్లో పడుకోబెడతాలే."

ముబీనా తలెత్తలేకపోయింది. ఇంటికొచ్చి చెబితే, అది వానలకు పట్టిన చెమ్మేనని ఖైరున్ బీ కొట్టిపారేసింది. పైగా పొరుగింటి మాటలు మోసుకొచ్చావని కసిరింది. ముబీనా అటక మీంచి మావగారి పనిముట్ల సంచి దించింది.

"మగవాళ్ళెవరూ రానక్కర్లేదు, నేనే బిగిస్తాను. పసిబిడ్డ పడుకోవాల్సిన గది అత్తమ్మా అది."

"ఆ సంచి ముట్టకు," అంటూ లాక్కుంది ఖైరున్ బీ. లాక్కుని, దాన్ని ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూలబడింది.

సంచిని నిమురుతూ అంది. "మీ మావయ్య ఉంటే పంపు ఒక్క పూట కారనిచ్చేవారు కాదు. ఆ పని ఇంకొకరు చేశారంటే, ఇక ఆయన రారని ఒప్పుకున్నట్టేగా. అందుకే గుడ్డ కట్టుకుంటూ కూచున్నానే."

ముబీనాకు కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళూ అత్తగారిది మొండితనమే అనుకుంది. పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకుంది.

కాసేపటికి ఖైరున్ బీయే లేచి పెరట్లో వాల్వు కట్టేసింది. బాజి రిపేరు చేసినప్పుడల్లా టార్చిలైటు పట్టుకుని నిలబడిన మనిషి ఆవిడ, తెలియని పనేమీ కాదు. పైపు మరను బిగించే వైపుకే టేపు చుట్టాలని చెప్పి, కోడలి చేత చుట్టించింది. రెంచి మాత్రం తానే తిప్పింది.

నీళ్ళు వదిలారు. పైపు మొదలంతా వేలితో తడిమి చూసింది. పొడిగా ఉంది. అప్పుడు ఏడ్చింది ఖైరున్ బీ, భర్త పోయిన రోజున కూడా ఏడవనంతగా.

ఆ ఏడుపు విని వెంకాయమ్మ పెరటి గుమ్మంలోంచి పరుగున వచ్చింది. "ఏమైంది వదినా?"

"ఆయన లేరు వదినా," అంది ఖైరున్ బీ. "పంపు మేమే బాగుచేసుకున్నాం."