నీలంగా మెరిసిన చొక్కా

లంచ్ బెల్ కొట్టి రెండు నిమిషాలైనా కాలేదు, ఐదో తరగతి కిటికీలన్నీ మూసేశారు. గది చీకటిగా ఉండాలని పిడుగు హుకుం జారీ చేసింది మరి!

పిడుగు అసలు పేరు అటెండెన్సు వేసేటప్పుడు తప్ప ఎవరూ పలకరు. ముందు నోరు, వెనక ఆలోచన. ఆ ముద్దుపేరు ఊరికే రాలేదు.

"ఇది ఊదా రంగు లైటు. దీనివైపు సూటిగా చూడకండి," అంది బెంచీ ఎక్కి, టార్చి ఊపుతూ. "ఈ కాగితం పట్టీ మా అమ్మ లాబ్‌లో చేసింది. చేప పాడైతే దాంట్లోంచి ఒక గాలి వస్తుంది. మన ముక్కు కంటే ముందే ఈ పట్టీ పసిగడుతుంది. లైటు వేస్తే మెరుస్తుంది!"

ఆ రెండూ అమ్మ సంచీలోంచి చెప్పకుండా తెచ్చిన సంగతి మాత్రం ఎత్తలేదు.

పక్కనే పిడుగు ప్రాణస్నేహితురాలు కూర్చుంది. ఉంగరాల జుట్టు కాబట్టి అందరూ ఉంగరాలు అనే పిలుస్తారు. ఆ పిల్ల బాక్సులో అన్నం, అన్నం మీద తెల్లటి పేపర్ నాప్‌కిన్, దాని మీద నాలుగు వేయించిన చేప ముక్కలు ఉన్నాయి. పిడుగు పట్టీని నాప్‌కిన్ మీద పెట్టి లైటు వేసింది. బాక్సు నీలంగా మెరిసిపోయింది.

"పాడైపోయింది!" అని అరిచింది పిడుగు.

"ఛీ ఛీ!" అంటూ అందరూ ముక్కులు మూసుకున్నారు. ఎవరికీ వాసన రాలేదు. అయినా మూసుకున్నారు.

"మా నాన్న పొద్దున్నే వేయించాడే," అంది ఉంగరాలు మెల్లగా.

"సైన్సు అబద్ధం చెప్పదు!"

ఉంగరాలు లేచి, బాక్సును చెత్తబుట్టలో బోర్లించింది. పిడుగు తన బ్రెడ్డు ఇవ్వబోతే వద్దని తల ఊపింది. ఆ పూట మంచినీళ్ళతోనే సరిపెట్టుకుంది.

సాయంత్రం ఇంటికి వెళ్ళి పిడుగు ఇదంతా అమ్మకు గొప్పగా చెప్పింది. అమ్మ ముఖం గంభీరంగా మారింది.

"ఏ రంగులో మెరిసింది?"

"నీలం."

"మా పట్టీ ఆకుపచ్చగా మెరుస్తుందే."

అమ్మ కర్టెన్లు వేసి, టార్చి తీసుకుని పిడుగు తెల్ల యూనిఫాం చొక్కా మీద వేసింది. కాలరు, జేబు, చేతులు అన్నీ నీలంగా మెరిశాయి.

"అయ్యో, నువ్వూ పాడైపోయావే!" అంది అమ్మ. నవ్వుతూ మాత్రం కాదు.

పిడుగు కాలరు లాగి వాసన చూసుకుంది.

"బట్టలు తెల్లగా కనబడాలని సబ్బు పొడిలో ఒక మందు కలుపుతారు. నాప్‌కిన్‌లోనూ అలాంటిదే ఉంటుంది. ఈ లైటు పడితే అవి ఊరికే మెరుస్తాయి. అందుకే మేము ముందు చేప లేనిచోట లైటు వేసి చూస్తాం. ఆ తర్వాతే నోరు విప్పుతాం."

పిడుగుకు తల కొట్టేసినట్టయింది. రాత్రి అన్నం సహించలేదు. కంచంలోకి చూస్తే చెత్తబుట్టలో పడ్డ నాలుగు ముక్కలే గుర్తొచ్చాయి.

మర్నాడు స్కూలు గేటు దగ్గర ఉంగరాలును ఆపింది.

"నిన్నటి సంగతి మీ నాన్నకి చెప్పావా?"

"ఎలా చెప్పను? ఖాళీ బాక్సు చూసి, 'బాగుందా తల్లీ?' అని మురిసిపోయాడు. బాగుందన్నాను. ఇవాళ మళ్ళీ వేయించి పెట్టాడు." ఉంగరాలు సంచీని గట్టిగా హత్తుకుంది. "నేను మూత తీయను. మళ్ళీ అందరూ ముక్కు మూసుకుంటారు."

పిడుగుకు ఆ పిల్ల ముఖంలోకి చూడడానికి ముఖం చెల్లలేదు.

లంచ్ బెల్ కొట్టగానే తనే వెళ్ళి కిటికీలు మూసింది. ఈసారి టార్చి అమ్మను అడిగి తెచ్చింది. ఈసారి బెంచీ కూడా ఎక్కలేదు.

"నన్ను చూడండి," అని తన చొక్కా మీదే లైటు వేసుకుంది.

"ఒరేయ్, పిడుగు పాడైపోయిందిరా!" అని వెనక బెంచీలోంచి ఒకడు అరిచాడు. గది గొల్లుమంది.

పిడుగు చెవులు వేడెక్కాయి. ఏడుపు తన్నుకొచ్చింది. అయినా నవ్వులు ఆగేదాకా అలాగే నిలబడింది.

"నిన్న మెరిసింది చేప కాదు, కింద ఉన్న నాప్‌కిన్, ఇప్పుడు నా చొక్కా మెరిసినట్టే. సరిగ్గా చూడకుండా అరిచింది నేను. ఉంగరాలు వాళ్ళ నాన్న వండింది బాగానే ఉంది. బంగారంలాంటి అన్నం నేనే పారేయించాను."

పిడుగు వచ్చి ఉంగరాలు పక్కన కూర్చుంది.

"ఒక ముక్క పెడతావా?"

ఉంగరాలు మూత కొంచెమే తీసింది. "లైటు వేసి చూడవా?"

"వద్దు," అంది పిడుగు తల దించుకుని.

ఉంగరాలు వెతికి వెతికి అన్నిటికన్నా చిన్న ముక్క పిడుగు చేతిలో పెట్టింది. అందరూ చూస్తుండగా పిడుగు దాన్ని నోట్లో వేసుకుంది.

"సాయంత్రం మీ ఇంటికి వస్తాను. నిన్నటి సంగతి మీ నాన్నకి నేనే చెప్తాను," అంది.

ఉంగరాలు మూత పూర్తిగా తీసి, బాక్సును బెంచీ మధ్యకు జరిపింది.