కోడి కాదు, అటావాల్పా

"మీ పేరుకి ఇంగ్లీషులో అర్థం ఏమిటి?" అని అడిగింది ఓ లండన్ ముసలావిడ.

పెరూలోని కుస్కో పెద్ద కూడలిలో టూరిస్టులు గైడునైన నన్ను రోజూ అడిగే ప్రశ్నే. నా జవాబూ రోజూ ఒకటే.

"లక్కీ చికెన్ అండీ!"

గుంపంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను.

"సిగ్గు లేదూ?" అంది వెనకనుంచి ఓ గొంతు. పక్క గుంపు గైడు. నీలం గొడుగు, దాని కింద నిప్పులు చెరుగుతున్న కళ్ళు. "అటావాల్పా చక్రవర్తి పేరు పెట్టుకుని కోడినంటావా?"

"మన కెచువా భాషలో వాల్పా అంటే కోడేగా తల్లీ!"

"కోడి ఈ కొండల్లోకి ఎవరితో వచ్చింది?"

"స్పెయిన్ వాళ్ళతో."

"మరి అటావాల్పా పుట్టింది?"

"అంతకు ముందే..."

"లేని కోడి పేరు ఆయనకెలా పెడతారు బాబూ? పుంజు కూత ఆయన్నే పిలుస్తున్నట్టుందని మనవాళ్ళే కోడికి ఆ పేరు పెట్టారని మా అమ్మమ్మ చెప్పేది."

"అయితే అసలు అర్థం ఏంటి?"

"సృష్టించడం అనే మాటలోంచి వచ్చిందని కొందరంటారు. గట్టిగా ఎవరికీ తెలీదు. తెలీదనే చెప్పు. కోడి అని మాత్రం ఇంకోసారి అన్నావో, చూడు!"

అంతలో వాన దంచి కొట్టింది. అడక్కుండానే ఆ గొడుగు కిందికి దూరాను. తిడుతూనే కాస్త జరిగింది. పేరు యనీరా.

ఆ వానాకాలం అయ్యేసరికి నేను ఆమెని చూడకుండా ఒక్క పూట ఉండలేని స్థితికి వచ్చాను. పెళ్ళి మాట ఎత్తితే మాత్రం యనీరా ముఖం వాడిపోయింది.

"మా నాన్న పేరు వాస్కర్," అంది.

నవ్వబోయి ఆగిపోయాను. ఉత్తరాన మా కీటో నగరపు అటావాల్పా, వీళ్ళ కుస్కో వాస్కర్ అన్నదమ్ములు. ఇంకా సామ్రాజ్యపు సింహాసనం కోసం కొట్టుకున్నారు. మావాడు గెలిచి వీళ్ళవాణ్ణి చంపించాడు. ఐదు వందల ఏళ్ళు కావస్తున్నా కుస్కోలో మా రాజు పేరెత్తితే పెద్దవాళ్ళ మొహాలు మాడిపోతాయి.

"నాన్నకి నీ పేరు 'అటా' అని మాత్రమే చెప్పాను. ఆయన కాదంటే నేను గడప దాటను. ముందే చెబుతున్నా."

ఆదివారం భోజనానికి పిలిచారు. బంగాళాదుంపల పులుసు పొగలు కక్కుతోంది. వాస్కర్ గారు చెంచా పట్టుకుని నా వైపు చూశారు.

"పూర్తి పేరేంటయ్యా?"

యనీరా బల్ల కింద నా కాలు తొక్కింది.

"అటావాల్పా కిష్పే అండీ. మాది కీటో."

చెంచా పళ్ళెంలో పడింది. ఆయన మీసం చాటున నవ్వారు.

"పోనీలే. కూడలిలో నిన్ను కోడి గైడంటారట, నిజమేనా? నీ పేరుకి అర్థం కోడేనని ఇక్కడ ఒక్కసారి ఒప్పుకో. అందరం నవ్వుకుందాం. పిల్లనిస్తాను."

ఎంత సులువు! వందల మంది ముందు ఊరికే అన్న మాటే అది. యనీరా వైపు చూశాను. ఆమె కళ్ళు దించుకుంది.

"అనలేనండీ," అన్నాను. "కోడికి ఆ పేరు తర్వాత వచ్చింది. నా పేరుకి అర్థం నాకు తెలీదు. తెలియని దాన్ని నవ్వులపాలు చేసింది చాలు. మీ అమ్మాయంటే నాకు ప్రాణం. కానీ నన్ను నేనే కోడిని చేసుకుంటే, రేపు ఆమెకి భర్త ఎక్కడుంటాడు?"

పెద్దాయన పళ్ళెం పక్కకి జరిపారు.

"వాస్కర్ అంటే తాడు," అన్నారు. "బడిలో అందరూ తాడు, తాడు అని ఏడిపించేవాళ్ళు. ఒక్కడికీ ఎదురు చెప్పలేకపోయాను. నువ్వు నా మొహం మీదే చెప్పావు."

లేచి మొక్కజొన్న కల్లు రెండు గ్లాసుల్లో పోశారు. మొదటి చుక్కలు నేలతల్లికి ఒంపి, ఒక గ్లాసు నా చేతికిచ్చారు. యనీరా ఏడుస్తూ నవ్వుతోంది. నాకూ కళ్ళు నిండాయి.

ఆయన వరండాలోకి వెళ్ళి, వీధంతా వినేలా కేక పెట్టారు.

"ఒరేయ్, అందరూ రండర్రా! కుస్కోకి మళ్ళీ అటావాల్పా వచ్చాడు! ఈసారి అల్లుడిగా!"