మూతపడని కుడికన్ను

కొత్తగూడ ఫ్లైఓవర్ పక్కన, బిర్యానీ హోటలుకీ సెల్‌ఫోన్ల దుకాణానికీ మధ్యనున్న ఇరుకు మెట్లెక్కితే జ్యోతి ఫిజియోథెరపీ గది వస్తుంది. రెండు మంచాలు, ఒక నిలువుటద్దం, గోడకి ఒక ఫ్యాను. వచ్చేవాళ్లలో చాలామంది లాప్‌టాప్ ముందు వంగి వంగి మెడలు పట్టేసుకున్న పిల్లలే. వాళ్ల మెడలు సరిచేసి, "ఫోను కాస్త పైకెత్తి చూడండి బాబూ" అని రోజూ చెప్పిందే చెప్పి, రాత్రి ఎనిమిదింటికి తాళం వేసి హాస్టలుకి పోతుంది. కాకినాడ పిల్ల. ఈ ఊరొచ్చి మూడేళ్లయింది.

మాఘమాసంలో ఒక సాయంత్రం సాయమ్మ వచ్చింది. నారాయణఖేడ్ వైపు మనిషి. మాదాపూర్‌లో ఒక పెద్ద ఆఫీసులో హౌస్‌కీపింగ్ పని. నలభై అయిదుండొచ్చు. కొంగు సగం మొహానికి అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

"రండమ్మా. ఏమైంది?"

"ఏం జెప్పాలె మేడం. పొద్దుగాల చాయ తాగుతుంటే ఈ మూలకెల్లి కారవట్టె. నా జోడిది కిష్టమ్మ లేదూ, అది పకపక నవ్వింది. తర్వాత నా కన్ను జూసి నవ్వుడు బంద్ చేసింది."

కొంగు తీసింది. మాట్లాడుతున్నది ఎడమ సగమే. కుడి సగం, పక్కన కూర్చున్న కొత్త మనిషిదిలా, ఏమీ పట్టనట్టుంది. కుడికన్ను రెప్ప వాలడం లేదు.

"కనుబొమలు పైకెత్తండి."

ఎడమ నుదురు ముడతలు పడింది. కుడి నుదురు నున్నగా అలాగే ఉంది. జ్యోతికి కాస్త ఊపిరి వచ్చింది. పక్షవాతమైతే మొహం వంకరపోయినా నుదురు రెండు వైపులా కదులుతుంది. నుదురు కూడా మొండికేసిందంటే అది ఏడో నరం పని. దవాఖానలో డాక్టరూ అదే చెప్పి, మాత్రలు రాసి, ఇక్కడికి పంపాడు.

ఈ ఏడో నరం సంగతి కొంచెం తెలిస్తే గాని తర్వాత జరిగింది అర్థం కాదు. మెదడు నుంచి తలకీ మొహానికీ పన్నెండు జతల నరాలు నేరుగా వస్తాయి. మొదటిదానికి వాసన, రెండోదానికి చూపు. మూడు, నాలుగు, ఆరు కలిసి కనుగుడ్డును తిప్పుతాయి. అయిదోది చెంప మీద చీమ పాకినా చెబుతుంది, దవడను నమిలిస్తుంది. ఎనిమిదోది వింటుంది, ఒళ్లు తూలకుండా చూస్తుంది. తొమ్మిది నుంచి పన్నెండు దాకా గొంతుదీ గుండెదీ భుజాలదీ నాలుకదీ భారం. ఏడోదానిది మొహం. చెవి వెనక ఎముకలో సన్నటి సొరంగం గుండా అది బయటికొస్తుంది. వాచిందంటే ఆ సొరంగంలోనే నలిగిపోతుంది. మణికట్టు చెవి కింద ఆనించి, చెంప మీద అయిదు వేళ్లూ విప్పి చూడండి. నుదుటికొకటి, కంటికొకటి, బుగ్గకొకటి, గడ్డానికొకటి, మెడకొకటి. దాని కొమ్మలు అచ్చం అలాగే పోతాయి. నాలుక ముందు భాగానికి రుచి, కంటికి తడి, చెవిలో చప్పుళ్ల జోరు తగ్గించే చిట్టి కండరం, ఇవన్నీ దాని చేతిలోవే.

"అందుకేనా మేడం," అంది జ్యోతి చెప్పిందంతా విన్న సాయమ్మ, "బాత్రూంల చేతులారబెట్టే మిషను ఈ చెవిల రైలు లెక్క మోగుతుంది?"

"అందుకే. భయపడకండి. నరం చచ్చిపోలేదు. రోజుకి ఆవగింజంత పెరుగుతూ వెనక్కొస్తుంది. మీరు చెయ్యాల్సిందల్లా అద్దం ముందు కూర్చుని, వేలితో సాయం చేస్తూ, నోటితో చెప్పడం. నవ్వు, కన్ను మూయి, అని. మాట వినని పిల్లని బుజ్జగిస్తాం చూడండి, అలా ముద్దుగా చెప్పాలి. రాత్రి పడుకునేటప్పుడు కంటికి మందు వేసి, రెప్ప మూసి టేపు అంటించుకోండి."

ఆ బుజ్జగించే మాట జ్యోతి అందరికీ చెప్పేదే. ఆఫీసు పిల్లలైతే నవ్వేసేవాళ్లు. సాయమ్మ నవ్వలేదు. కుడి చెంప తడుముకుని అడిగింది.

"పేరు వెట్టి పిల్వచ్చా?"

"నిక్షేపంగా పిలవండి."

ఎవరి పేరని జ్యోతి అడగలేదు.

తర్వాత ప్రతి ఆదివారం సాయమ్మ ఆ అద్దం ముందు కూర్చునేది. వేలితో కుడి పెదవి మూల పైకెత్తి, మెల్లగా అనేది. "నవనీతా... నవ్వు బిడ్డా. జరంత నవ్వు. మా అమ్మ గదా."

"మీ అమ్మాయా? ఏం చదువుతోందండీ?" అని అడిగింది జ్యోతి ఒకసారి.

"డిగ్రీల చేరింది," అంది సాయమ్మ. అంతే.

నెల తర్వాత, నడుం పట్టేసి కిష్టమ్మ వచ్చినప్పుడు సంగతి బయటపడింది. నవనీత కిందటి ఆషాఢంలో డెంగీతో పోయింది. పంతొమ్మిదేళ్లు. ఆ రోజు సాయమ్మ, మాత్ర వేసుకుని పడుకో బిడ్డా అని డ్యూటీకి వచ్చేసింది. పనిలోకి ఎక్కేముందు ఫోన్లు డబ్బాలో వేసి పోవాలని అక్కడి నియమం. సాయంత్రం డబ్బా తెరిస్తే పిల్ల చేసిన ఫోన్లు వరసగా ఉన్నాయి. ఒక్కదానికీ తల్లి పలకలేదు.

"ఆనాటికెల్లి ఒక్క కన్నీటి బొట్టు రాల్చలే మేడం. పన్నెండో దినం తెల్లారి వచ్చి అద్దాలు తుడుసుకుంట నిలవడ్డది," అంది కిష్టమ్మ. "నాకే భయమైంది."

 పోయిన పిల్ల పేరు అలా పిలవొద్దని జ్యోతి చెప్పాలనుకుంది. ఆదివారం సాయమ్మ వస్తే, ఎప్పటిలాగే కుర్చీ అద్దం ముందుకి జరిపింది.

వైశాఖం నాటికి కుడి బుగ్గలో కదలిక వచ్చింది. జ్యోతి సంతోషించాలి. అడిగినప్పుడు మాత్రం అది కదిలేది కాదు. సాయమ్మ ఊరికే గోడకేసి చూస్తున్నప్పుడు కుడి పెదవి మూల తనంతట తానే పైకి పోయేది. నవ్వేది. కొత్తగా పెరిగిన నరం దారి తప్పడం ఉన్నదే. నోటికి పోవాల్సిన పోగు కంటికి పోతుంది. కొందరికి అన్నం తింటుంటే ఒక్క కన్నే ఏడుస్తుంది. ఇదంతా పుస్తకాల్లో ఉంది. సాయమ్మ కుడి బుగ్గన సొట్ట పడటం మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. ఎడమ బుగ్గన సొట్ట లేదు. ఎప్పుడూ లేదట.

"అది దానిదే మేడం," అంది సాయమ్మ గొంతు తగ్గించి. "నాలిక గూడ ఈ దిక్కు పుల్లగ అయితుంది. నేను పులుపు ముట్ట. దానికి చింతకాయంటే పానం."

"సాయమ్మగారూ... కంటి డాక్టరు ఏమన్నారు?"

"ఎండిపోయి పుండు పడ్తున్నదన్నడు. గిట్లనే ఉంటే చూపు పోతదట."

"మరి టేపు వేస్తున్నారా?"

సాయమ్మ తల అడ్డంగా ఊపింది. "మూస్తే దానికి చీకటైతది. నాకు మంచిగ కావొద్దు మేడం. మంచిగైతే అది పోతది. కన్ను పోతే పోనీ. ఇంకో కన్నుంది."

నరాల గురించి చదువుకున్న పిల్ల. తల్లుల గురించి ఎవరూ పాఠం చెప్పలేదు.

ఆషాఢంలో ఆ ఆదివారం నాలుగింటికే ముసురు పట్టింది. మిగతావాళ్లెవరూ రాలేదు. సాయమ్మ తడిసిన చీరతో వచ్చి కూర్చుంది. "ఇయ్యాల్టికి ఏడాది," అంది. అంతలో కరెంటు పోయింది.

ఫ్యాను ఆగాక వాన చప్పుడు గదిలోకి వచ్చింది. కింద మురిక్కాల్వ వాసన. దాని వెనకే ఇంకో వాసన... అప్పుడే కొరికిన పచ్చి చింతకాయ వాసన. హోటలు నుంచి అనుకుంది జ్యోతి. ఫోను లైటు వెలిగించి, దూది కొసను సన్నగా పోగులా తీసింది. కనుగుడ్డు మీద దూది తగిలితే అయిదో నరం కనిపెడుతుంది, ఏడోది రెప్ప వాలుస్తుంది. ఈ రెప్ప ఎంత వరకు వాలుతుందో ఇవాళ చూడాలి.

ఎర్రగా ఎండిన ఆ కన్నుకి దూది తాకించింది.

రెప్ప కదలలేదు.

పెదవులు కదిలాయి. కుడి సగం మాత్రమే.

"అమ్మా..."

సాయమ్మ గొంతు కాదది. పల్చగా ఉంది. జ్వరంతో ఎండిన గొంతు.

"కండ్లు మండుతున్నయే..."

జ్యోతి అద్దంకేసి చూసింది. అద్దంలో సాయమ్మ ఎడమ సగం వణుకుతోంది. కుడి సగం నిశ్చలంగా, అలసటగా, ఎదురుగా చూస్తోంది.

"ఏడాదైంది... పండుకోలే... మూయనియ్యవా అమ్మా..."

వాన. వానే.

"నేను పోయేసరికి..." సాయమ్మ ఎడమ పెదవితో అంది. మాట ముక్కలై వస్తోంది. "కండ్లు దెరిచే ఉండె మేడం. గుమ్మం దిక్కు. నా కోసమే. అందరు మూయుండ్రి, మూయుండ్రి అన్నరు. నేను చెయ్యి వెట్టనియ్యలే. మూస్తే నన్ను సూడదని... అట్లనే... అట్లనే పంపిన..."

ఎడమ కంట్లోంచి నీళ్లు కారాయి. ఏడాది నీళ్లు. చుబుకం మీదుగా కారి తడి చీర మీద పడుతున్నాయి. జ్యోతి ఆమె భుజం పట్టుకుంది. భయపడుతూనే పట్టుకుంది. తను నేర్పిందే కదా.

"మూయండమ్మా," అంది మెల్లగా. "వేలితో సాయం చేయండి."

సాయమ్మ చూపుడు వేలు పైకి లేచింది. రెప్ప మీద ఆనింది. చాలాసేపు అలాగే ఉంది.

"పండుకో బిడ్డా," అంది. "ఇగ పండుకో. నేనున్న."

రెప్ప దిగింది. అయిదు నెలల్లో మొదటిసారి, పూర్తిగా.

సాయమ్మ వేలు తీయలేదు. ఆమె తల నెమ్మదిగా ఒరిగింది. ఎడమకన్ను కూడా మూతపడింది. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిందనుకుంది జ్యోతి. తానూ ఏడుస్తోంది. పోనీలే, ఇద్దరికీ నిద్ర దొరికింది, అనుకుంది.

కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది.

"సాయమ్మగారూ..."

వేలు పక్కకి జరిగింది, కుడికన్ను తెరుచుకుంది. ఎరుపు లేదు. ఒకసారి రెప్ప వాల్చింది, రెండుసార్లు వాల్చింది, హాయిగా. కుడి కనుబొమ పైకి లేచింది. కుడి నుదురు ముడతలు పడింది. కుడి బుగ్గన సొట్ట పడింది. ఎడమ సగం, కన్నీళ్లింకా ఆరకుండానే, నున్నగా, ఏమీ పట్టనట్టుంది.

"సాయమ్మగారూ... ఎడమకన్ను తెరవండి..."

కుడి పెదవుల మీదికి వేలు వచ్చింది.

"మెల్లగ మాట్లాడుండ్రి మేడం. అమ్మ ఇప్పుడే పండుకున్నది."

లేచింది. పంతొమ్మిదేళ్ల పిల్లలా చీర కుచ్చిళ్లు రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. గుమ్మం దాకా పోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఒక చెయ్యి వదిలి తన ఎడమ చెంప మీద వేసుకుంది. పసిపిల్లని జోకొట్టినట్టు తడుతూ, ఒక్కో మెట్టూ దిగుతోంది.

జ్యోతి పైనుంచి చూస్తూ నిలబడిపోయింది. మలుపు దగ్గర హోటలు దీపం ఆ ఎడమ చెంప మీద పడింది. కన్ను మూసే ఉంది. మూసిన రెప్ప కింద కనుగుడ్డు మాత్రం, బయటికి దారి వెతుకుతున్నట్టు, ఆగకుండా అటూ ఇటూ తిరుగుతోంది.