మంచం కింది షీటు

విశ్వాసమ్మ జొన్నరొట్టె తడుతోంది. పెనం మీద ఒకటి కాలుతుంటే చేతుల మధ్య ఇంకొకటి తిరుగుతోంది. నడింట్లో ఆమె భర్త నెహెమ్యా ఆదివారం తెల్లచొక్కా తొడుక్కున్నాడు, అది నచ్చక విప్పాడు, మళ్ళీ అదే తొడుక్కున్నాడు. ఆ రోజు ఆదివారం కాదు. కూతురు నిస్సీ చదివే యూనివర్సిటీలో, కర్నూలులో, పెద్ద సభ ఉంది. పెట్రోలు గురించీ, పెట్రోలు లేకుండా ఏమేం తయారు చేసుకోవచ్చో దాని గురించీ ఇంజనీర్లు మాట్లాడే సభ. అందులో నిస్సీ తాను తయారుచేసిన షీటు గురించి చెబుతుంది. ఆమె తర్వాత ఆ షీటు వాడిన రైతుగా నెహెమ్యా ఐదు నిమిషాలు మాట్లాడాలి.

మాట్లాడటం నెహెమ్యాకు కొత్త కాదు. ఆయన సంఘ పెద్ద. ఆలూరు చుట్టుపక్కల ఏ చర్చిలో కూడిక జరిగినా ఆయన సాక్ష్యం ఉండాల్సిందే. ఎడమచెయ్యి బైబిలు మీద పెట్టి, దేవుడు తనకు చేసిన మేలు చెప్పడం మొదలుపెడితే పసిపిల్లలు కూడా ఏడుపు ఆపి వింటారు. అలాంటి మనిషికి వారం నుంచి ముద్ద దిగడం లేదు. "నాయనకు సభ అంటే భయం" అని నిస్సీ నవ్వింది. విశ్వాసమ్మ కూడా నవ్వింది. నవ్వకపోతే దొరికిపోతుంది మరి.

"అమ్మా, మిగిలిన షీటు యాడ పెట్టినావు?"

లోపలి గదిలోంచి వచ్చిన ఆ మాటకు రొట్టె చేతుల మధ్యే చిరిగిపోయింది.

ఆ షీటు నిస్సీకి ఐదేళ్ళ చదువు. టమోటా సాళ్ళ మీద రైతులు నల్ల ప్లాస్టిక్ షీటు పరుస్తారు, నేలలో తడి ఆరిపోకుండా, కలుపు లేవకుండా. పంట అయిపోయాక అది పేలికలై పొలమంతా ఉండిపోతుంది. గుంటక తోలితే గుంటకకు చుట్టుకుంటుంది. వాళ్ళ ఆవు మల్లి ఆ పేలికలు మేసే చచ్చిపోయింది. ఆ రోజు దాని పక్కన కూర్చుని ఏడ్చిన పిల్లే పెద్దదై, పెట్రోలుతో పని లేకుండా మొక్కజొన్న పిండీ ఆముదమూ కలిపి షీటు చేసింది. పంట కాలమంతా నిలబడి, ఆ తర్వాత మట్టిలో కలిసిపోవాలి, అదీ దాని లెక్క. పోయిన వేసవిలో నాన్న పొలంలోనే పరిచి చూసింది. పరచగా మిగిలిన చుట్టను మంచం కింద పెట్టి హాస్టలుకు వెళ్ళింది.

ఎండలు ముదిరాయి. నెల తిరగకముందే షీటు అప్పడంలా పెళుసెక్కి పొడిపొడి అయింది. ఆ సంగతి చెప్పడానికే నెహెమ్యా ఫోను తీశాడు. ఆపింది విశ్వాసమ్మ. ఈ పంటలో షీటు నిలబడకపోతే పరిశోధన ఆపేయాల్సి వస్తుందని యూనివర్సిటీలో గైడు మేడమ్ అన్నట్టు నిస్సీ ఏడుస్తూ చెప్పి అప్పటికి రెండు రోజులే అయింది.

"చిన్నప్పుడు దాని కోడిపిల్ల చచ్చిపోతే ఏం చేస్తివి? బడి నుంచి వచ్చేలోగా అదే రంగుది తెచ్చి గంప కింద పెట్టలేదా? బిడ్డ కంట నీళ్ళు రాలేదు కదా!" అంది ఆ రోజు.

భార్యాభర్తలిద్దరూ చిరిగిన షీటు పీకి, మంచం కింది చుట్టలోంచి కొత్తది కోసి పరిచారు. ఫోటోలకూ ల్యాబుకు ముక్కలు కోసుకెళ్ళడానికీ నిస్సీ ఎప్పుడు వస్తానన్నా ముందు రోజు అదే పని. మంచి చేస్తున్నామనే అనుకున్నారు పిచ్చితల్లీ పిచ్చితండ్రీ.

"అమ్మా, నిన్నే! షీటు యాడ?"

"ఎలుకలు కొరికినాయి పాపా. పారేసినా."

"అంతా ఎట్ల పారేస్తావు? అరమూర ముక్క చాలు నాకు. కొత్తది ఇట్ల ఉండాది, వేసవంతా ఎండలో పడున్నది ఇట్ల ఉండాది అని పక్కపక్కన పెట్టి చూపియ్యాల."

నిస్సీ వంగి మంచం కింద చెయ్యి పెట్టింది. షీటు చుట్టిన అట్టగొట్టం బయటికి వచ్చింది. ఖాళీ గొట్టం. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎలుకలు షీటంతా తిని గొట్టానికి పన్ను గూడా తగిలియ్యలేదా అమ్మా?"

గుమ్మం దగ్గర నెహెమ్యా నిలబడి ఉన్నాడు.

"ఎలుకలు కాదు పాపా. నేనే" అన్నాడు.

ఆయన చెప్పింది నాలుగు మాటలే. నిస్సీ వింటూ వింటూ గోడకు ఆనుకొని కిందికి జారి కూర్చుంది. గొట్టం ఒళ్ళో పెట్టుకుంది.

"ల్యాబులో లాగి చూసినాం" అంది. "ఎండకు కొంచెం గూడా చెడిపోలేదే, కొత్తదాని మాదిరే ఉండాదే అని మేడమ్ ఎంత మురిసిపోయిందో! కొత్తదే కదా మరి!" అని నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైంది. "ఏం చేస్తిరి నాయనా? నన్ను ఏం చేస్తిరి?"

ఓదార్చడానికి విశ్వాసమ్మ పిండిచేతులతోనే ముందుకు వెళ్ళింది. నిస్సీ తోసేసింది. కాసేపు మోకాళ్ళలో తల పెట్టుకొని ఏడ్చి, ఉన్నట్టుండి లేచి, తండ్రి రెండు చేతులూ పట్టుకుంది.

"నాయనా, ఈ ఒక్కసారి చెప్పు. షీటు నిలబడిందని చెప్పు. బొగ్గుపొడి ఎక్కువ కలుపుతా, మందం పెంచుతా, వచ్చే పంటకు సరిచేస్తా. ఇప్పుడు లేదంటే నన్ను ఇంటికి పంపిస్తారు నాయనా. ఐదేండ్లు మన్నైపోతాది."

"సాక్ష్యం పాపా అది."

"అది చర్చి కాదు నాయనా!"

"నోరు అదే కదా."

విశ్వాసమ్మకు ఒళ్ళు మండింది. చేసినప్పుడు అడ్డం రాని దేవుడు ఇప్పుడు అడ్డం వచ్చాడా? "ఏమయ్యా, చేసేటప్పుడు లేని పాపం చెప్పేటప్పుడు వచ్చిందా? దాని బతుకయ్యా! నీ కాళ్ళు పట్టుకుంటా" అని నిజంగానే వంగింది.

నెహెమ్యా ఆమెను లేపాడు. కూతురి ముఖంలోకి చూశాడు. "సరే, చెప్తా" అన్నాడు. "దీని తర్వాత నేను యాడా సాక్ష్యానికి నిలబడను. సంఘానికి వేరే పెద్దను చూసుకోమని చెప్పేస్తా. అప్పుడు మీరు అడ్డం రావద్దు."

ఆ మాట ఎంత పెద్దదో తల్లికీ తెలుసు, కూతురికీ తెలుసు. అయినా ఇద్దరూ వద్దనలేదు.

బయట హారన్ మోగింది. పక్క పొలం హజరత్ వలి టమోటా బండి తెచ్చాడు. కర్నూలు తీసుకెళ్ళేది ఆయనే. "ఏమప్పా నెహెమ్యా, పెండ్లికొడుకు మాదిరి తయారైనావే! బేటీ, ఈసారి నా నాలుగెకరాలకు నీ షీటే. ప్లాస్టిక్ కొనేది లేదని ఇంట్లో పర్వీన్‌కు గూడా చెప్పేసినా" అంటూ లోపలికి తొంగిచూశాడు. నిస్సీ సంచి తీసుకొని ఆయన ముఖం చూడకుండా వెళ్ళి బండి ఎక్కింది.

ముందు సీట్లో చోటున్నా నెహెమ్యా వెనక ట్రాలీలో కూర్చున్నాడు. వెనకైతే గాలి వస్తుందట. దారి పొడుగునా వలి ఒక్కడే మాట్లాడాడు. "మీ మల్లి కడుపులోంచి డాక్టరు తీసిన నల్లకవరు ఇంకా నా కండ్ల ముందరే ఉండాది వదినా. మా ఎనుములు గూడా ఆ గట్టు మీదనే మేస్తాయి. బేటీ ఏదో ఒకటి కనిపెట్టింది, అల్లా చల్లగా చూడాల" అన్నాడు. విశ్వాసమ్మ తల ఊపింది. పక్కనున్న నిస్సీ చెయ్యి పట్టుకుంది.

సభలో మొదట ఒక పెద్దాయన పెట్రోలు గురించి మాట్లాడాడు. చమురు బావుల్లో పనిచేసి రిటైరైన ఇంజనీరట. బండ్లలో పోసేదే పెట్రోలు కాదనీ, మనం కూర్చున్న కుర్చీ, పొలంలో డ్రిప్పు పైపు, కాలికి చెప్పు, అన్నీ ఆ భూమి లోపలి నూనె బిడ్డలేననీ చెప్పాడు. "అయిపోయిన రోజున వెతుక్కుంటే దొరకదు, ఉన్నప్పుడే వేరే దారి చూడాలి. ఆ దారి చూసేది ఇదిగో ఈ పిల్లలు" అని నిస్సీ వైపు చెయ్యి చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మరో రోజైతే విశ్వాసమ్మ ఏడ్చేది సంతోషంతో.

నిస్సీ మాట్లాడింది. మాట తడబడలేదు. తెర మీద పొలం ఫోటోలు వచ్చాయి. సాళ్ళ మీద షీటు నిగనిగలాడుతోంది. వేసవంతా చెక్కుచెదరలేదని నిస్సీ చెబుతుంటే గురువు శివజ్యోతి మేడమ్ ముఖం వెలిగిపోయింది. అబద్ధం ఎంత బాగుంటుందో చూడటానికి! తర్వాత నెహెమ్యాను పిలిచారు.

ఆయన వెళ్ళి మైకు ముందు నిలబడ్డాడు. ఎడమచెయ్యి బల్ల మీద తడుముకుంది. అక్కడ బైబిలు లేదు, నీళ్ళ సీసా ఉంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నా పేరు నెహెమ్యా. మాది ఆలూరు పక్క పల్లె. మా పాప చేసిన షీటు..." అని ఆగాడు. ముందు వరసలో వలి లేచి ఫోనులో వీడియో తీస్తున్నాడు, చెప్పు చెప్పు అని తల ఊపుతూ. నెహెమ్యా ఆయన్ను చూసి తల దించుకున్నాడు. "మా పాప చేసిన షీటు శానా..."

చెప్పేయయ్యా, ఒక్క మాట, అని మనసులో మొత్తుకుంటున్న విశ్వాసమ్మకు అప్పుడు భర్త ముఖం కనిపించింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ ముఖం ఆమె ఎరగదు. మల్లి చచ్చిన రోజు కూడా అలా లేడు. నడి బజారులో బట్టలు విప్పమన్నట్టు నిలబడి ఉన్నాడు మనిషి. ఈ పని చేయించింది నేను కదా, నేనే కదా. వద్దు దేవా, ఆయన నోట రానీయకు, అనుకుంది.

"నాయనా, చాలు."

నిస్సీ లేచి వచ్చి మైకు తన వైపు తిప్పుకుంది.

"షీటు నిలబడలేదు" అంది. "నెల తిరక్కుండానే పొడైపోయింది. నేను బాధపడతానని మా వాళ్ళు కొత్త షీటు పరుస్తూ వచ్చారు. నేను కోసుకొచ్చినవి ఎండ చూడని ముక్కలు. ఇది నాకు పొద్దున తెలిసింది. తెలిసి కూడా ఇందాక మీ ముందు అబద్ధం చెప్పాను, మా నాన్నతో కూడా చెప్పించబోయాను. రోజూ పొలంలో ఉండాల్సింది నేను. ఫోటోలకు మాత్రమే వెళ్ళాను." ముందు వరసకు తిరిగింది. "వలి మామా, నీ నాలుగెకరాలకు ఇది వెయ్యద్దు. పంట పోతాది."

శివజ్యోతి మేడమ్ ముఖం పాలిపోయింది.

సభ అయ్యాక వరండాలో విశ్వాసమ్మ మేడమ్‌కు ఎదురెళ్ళి చేతులు జోడించింది. "తప్పు నాది మేడమ్. దాని చదువు పోతాదా?"

"ఈ ఫలితాలన్నీ కొట్టేయాలమ్మా. తర్వాత సంగతి కమిటీ చెప్పాలి. నాకు తెలియదు" అంది ఆమె. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "నేనూ ఒక్కసారైనా ఆ పొలానికి రాలేదు. అది కూడా కమిటీకి చెబుతాను."

బయట వేపచెట్టు కింద నెహెమ్యా ఒక్కడే కూర్చున్నాడు. తల్లీకూతుళ్ళు వెళ్ళి చెరో పక్కా కూర్చున్నారు. ఫోను జేబులో పెట్టుకుంటూ వలి వచ్చాడు. ఎవరి ముఖమూ చూడలేదు.

"నా నాలుగెకరాలూ పోయి నెత్తిన చెయ్యి పెట్టుకునేట్లు చేస్తుంటిరి కదప్పా" అన్నాడు కోపంగానే. మళ్ళీ తనే గొంతు తగ్గించాడు. "నాలుగెకరాలు ఇయ్యను బేటీ. ఒక్క సాలు ఇస్తా. మీ కమిటీవాళ్ళు ఒప్పుకున్నప్పుడు చేసి తీసుకురా. ఈసారి నేను కాపలా ఉంటా, మీ నాయనను గట్టు దాటనిస్తే అడుగు." అని బండి వైపు వెళ్ళిపోయాడు.

"నన్ను క్షమించు పాపా" అన్నాడు నెహెమ్యా. "నీ కంట్లో నీళ్ళు చూడలేక చేసినా."

నిస్సీ నేల మీది వేపాకు ఒకటి తీసుకొని ఈనె వలుస్తూ కూర్చుంది.

"నాయనా, నా కోడిపిల్ల గుర్తుండాదా? గంప కింద పెడితివే."

"ఉండాది."

"నా దానికి కాలి మీద నల్లమచ్చ ఉండె. బడి నుంచి వచ్చి చూస్తే మచ్చ లేదు."

అన్నేళ్ళుగా మొగుడి ప్రేమకు విశ్వాసమ్మ చెప్పుకునే గుర్తు ఆ కోడిపిల్ల. "తెల్సి ఎందుకు ఏడ్వలేదే?" అంది.

"నాయన గంప ఎత్తి నా ముఖమే చూస్తాండె. శానా సంతోషంగా ఉండె. ఏడిస్తే బాధపడతాడని నవ్వినా. తర్వాత దొడ్లోకి పోయి ఏడ్చుకున్యా, ఒక్కదాన్నే." "ఈసారి ఏదన్నా చచ్చిపోతే చచ్చిపోయిందనే చెప్పు నాయనా. నీ దగ్గర కూర్చుని ఏడ్చుకుంటా."

నెహెమ్యా పెద్దమనిషన్న మాట మరిచిపోయి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నిస్సీ ఆయన భుజం మీద తల పెట్టింది. ఆమె కూడా ఏడ్చింది, ఎవరికీ దాచుకోకుండా.

విశ్వాసమ్మ సంచిలోంచి రొట్టెల మూట తీసి విప్పింది. పైన పొద్దున చిరిగిన రొట్టె ఉంది. దాన్ని కిందికి పెట్టి మంచిది ఇద్దామని చెయ్యి పోయింది. ఆగి, ఆ చిరిగినదాన్నే మూడు ముక్కలు చేసి ఇద్దరి చేతుల్లోనూ పెట్టి తానొకటి తీసుకుంది.

నెహెమ్యా తిన్నాడు.