ఆఖరి పాటలో చొక్కా

ఆగండాగండి. మొన్న బ్రాడ్వేలో 'ఆఖరి ఉతుకు' చూసి, ఆఖరి పాటకి పక్కావిడ చేతిరుమాలు కూడా లాక్కుని ముక్కు చీదారే, మీతోనే మాట్లాడుతున్నాను. తల అటు తిప్పుకోకండి. తెర తాళ్ళ దగ్గర నిలబడేది నేనే. ఏడ్చే మొహాలు అక్కణ్ణుంచి భలే కనిపిస్తాయి. ఎందుకు ఏడ్చారో మీకు తెలుసనుకుంటున్నారు కదా, పాపం. నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు గానీ, మీకు తెలియదని మాత్రం చెప్పగలను. కూర్చోండి. విన్నది కడుపులో పెట్టుకోండి, ముఖ్యంగా నిర్మాత లొరైన్ చెవిన పడకూడదు.

మా చెల్లెలి పేరు ఫొటీని. ఆస్టోరియా పేటలో వాళ్ళింట్లో పొద్దున్న అంటే ఒక గోల. పొయ్యి మీద కాఫీ పొంగుతుంటుంది. నా మేనకోడలు మిర్తో రెండో బూటు కోసం మంచం కింద దూరి ఉంటుంది. మా బావ ఆర్గిరిస్ పైజమాలో పియానో ముందు కూర్చుని ఒకే ముక్కని అటూ ఇటూ వాయిస్తుంటాడు. మా ఇల్లు రెండు వీధుల అవతల, నా కాఫీ మాత్రం అక్కడే.

'ఆఖరి ఉతుకు' ఆర్గిరిస్ రాసిన పాటల నాటకం. వాళ్ళమ్మ ఒకప్పుడు లాండ్రీ నడిపేది, అదే కథ. సెవస్తీ అనే లాండ్రీ ఆవిడ, ఎవరూ తీసుకెళ్ళడానికి రాని ఒక చొక్కా. ప్రతి పాటా ముందు మా చెల్లెలి గొంతులోంచే వచ్చింది, ఆ వంటింట్లోనే. ఆఖరి పాట మొదటిసారి పాడమన్నప్పుడు దానికి తీరిక లేదు. ఉతికిన బట్టలు మడతపెడుతూనే పాడేసింది. ఆర్గిరిస్ పియానో ఆపి, "అలాగే ఉంచు, ఆ చొక్కా చేతిలో అలాగే ఉంచు," అన్నాడు. అది నాటకంలోకి వెళ్ళిపోయింది. ఊళ్ళో ఒక మూల నేలమాళిగ హాల్లో ఆడితే జనం మెట్ల మీద కూర్చుని చూశారు. పేపర్లవాళ్ళు ఫొటీని పేరే రాశారు. అప్పుడు లొరైన్ హాల్‌స్టెడ్ అనే నిర్మాత వచ్చి, దీన్ని బ్రాడ్వేకి తీసుకెళ్తానంది. ఇంట్లో ఆ వారమంతా పండగే.

పండగ ఎన్నాళ్ళుంటుంది? జనవరిలో ఒక పొద్దున్న ఫొటీనికి తన ఏజెంటు ఫోన్ చేశాడు. అది విన్నంతసేపూ వింది, "సరే" అని పెట్టేసింది, పెనం మీద గుడ్డు తిరగేసింది.

"సెవస్తీ వేషానికి మార్లిస్ డేన్‌ని తీసుకున్నారట. నాకు స్టాండ్‌బై ఇస్తారట," అంది.

మార్లిస్ డేన్ మీకు తెలుసు, టీవీలో డాక్టరమ్మ వేషం వేస్తుంది. ఆవిడ చేతిలో ఒక్క రోగి బతికినట్టు నేను చూడలేదు. ఇక స్టాండ్‌బై అంటే, రోజూ వచ్చి పై గదిలో కూర్చోవాలి. పెద్దావిడకి జ్వరం వస్తే దిగొచ్చి పాడాలి, రాకపోతే స్వెటర్ అల్లుకోవాలి. అది వద్దంటే, మొదట వేషం కట్టిన మనిషిని తప్పించినందుకు యూనియన్ పద్ధతి ప్రకారం కొన్ని వారాల జీతం చేతిలో పెట్టి దణ్ణం పెడతారు.

ఆర్గిరిస్ పియానో మీంచి చేతులు తీసేశాడు. ఫొటీని అతని వైపు చూడకుండానే అడిగింది.

"ఎవరు ఏ వేషం కట్టాలన్నా రచయిత ఒప్పుకోవాలి కదా? నీ సంతకం లేకుండా కుదరదు కదా?"

"కుదరదు."

"ఎప్పుడు పెట్టావు?"

"పోయిన మంగళవారం."

"పోయిన మంగళవారం నా సూప్‌లో నిమ్మకాయ బాగా కుదిరిందన్నావు. రెండోసారి వేయించుకున్నావు."

మిర్తో మంచం కిందే ఉండిపోయింది. నాకూ అక్కడే దూరాలనిపించింది గానీ నా పొట్ట పట్టదు. ఆర్గిరిస్ ఏవేవో చెప్పాడు. పెద్ద పేరు లేకపోతే హాలువాళ్ళు హాలివ్వరట. హాలు లేకపోతే మిగతా నటులూ వాయించేవాళ్ళూ అందరూ రోడ్డున పడతారట. అందరి కోసం ఒక్కరు తగ్గాల్సి వచ్చిందట.

"ఆ ఒక్కరూ నీ పక్కన పడుకునేదే అయితే తేలిక, కదా," అంది మా చెల్లెలు. గుడ్డు నా కంచంలో వేసింది. అది ఆర్గిరిస్ గుడ్డు.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో కాఫీ తాగడం శిక్షయిపోయింది. ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని మిర్తో చేత కబుర్లు మోయించేవాళ్ళు. మీ నాన్నని ఉప్పందుకోమను. మీ అమ్మని చెత్తబుట్ట నేను తీశానని చెప్పు. ఆ పిల్ల విసిగిపోయి, దీనికి నాకూ కాంట్రాక్టు రాసిమ్మంది. నేనే ఉండబట్టలేక ఆర్గిరిస్‌ని మెట్ల దగ్గర నిలదీశాను. సంతకం వెనక్కి తీసుకోరాదా అన్నాను. ఒకసారి ఒప్పుకున్నాక వెనక్కి తీసుకోవడం ఉండదట. తీసుకుంటే లొరైన్ దావా వేస్తుంది, పాటలతో సహా అన్నీ పోతాయి. మార్లిస్ డేన్ తనంతట తను వద్దంటే తప్ప దారి లేదన్నాడు. అలా అని నా మొహంలోకి కాసేపు చూశాడు. నేనంత పట్టించుకోలేదు.

నా సంగతి మీకు కొంచెం చెప్పాలి. ఫోన్‌లో నేను ఎవరి గొంతైనా తెస్తాను. ఒకసారి అవార్డుల సంఘం వాడిలా మాట్లాడితే ఆర్గిరిస్ కోటు ఇస్త్రీ చేయించుకుని చర్చిలో అందరికీ చెప్పేశాడు. ఇంకోసారి లొరైన్‌కి ఎలుకల శాఖ అధికారినని ఫోన్ చేశాను. మీరు తీసుకున్న నాటకం ఆడే నేలమాళిగ హాల్లో ఎలుకలు యూనియన్ పెట్టాయి, రాత్రి ఆటకి ఎక్కువ జున్ను అడుగుతున్నాయన్నాను. ఆవిడ చాలాసేపు బేరమాడింది. అప్పటినుంచి ఆర్గిరిస్‌కి ఏ పెద్దమనిషి ఫోన్ చేసినా, ముందు "బావా, నోరు ముయ్" అని, తర్వాతే హలో అంటాడు.

కాబట్టి నాకొక ఉపాయం తట్టింది. మార్లిస్ డేన్ ఏజెంటులా ఫోన్ చేశాను. మేడమ్ గదికి గులాబీ రంగు వెయ్యాలి, మేడమ్ కుక్కకి తెర పక్కన కుర్చీ వెయ్యాలి, కుక్క పేరు పోస్టరు మీద ఉండాలి అన్నాను. విసుగెత్తి ఆర్గిరిస్సే ఏదో ఒక దారి చూస్తాడని నా ఆశ.

"బావా, కుక్క పాడుతుందా?" అని అడిగి పెట్టేశాడు.

సరే, పారలేదు. ఆ వారంలోనే గురువారం పొద్దున్న వాళ్ళ వంటింటి సింకు కింద గొట్టం పగిలింది. ఫొటీని ఎవరి పిల్లలకో పాట నేర్పడానికి వెళ్ళింది, నన్ను పిలిచారు. నేను సింకు కింద వెల్లకిలా పడుకుని, మొహం మీద నీళ్ళు కారుతుంటే, ప్లంబరు పిల్లనిచ్చిన మామని తిట్టుకుంటున్నాను. పానా ఇవ్వరా అని అరిస్తే ఆర్గిరిస్ చెవికి ఫోన్ ఆనించుకునే వచ్చి ఇచ్చాడు, మళ్ళీ ముందుగదిలోకి పోయాడు. మిర్తో బక్కెట్ పట్టుకుంది. గొట్టం బాగైంది. కాఫీ మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

మర్నాడు పిడుగు పడింది. లొరైన్ హాల్‌స్టెడ్ స్వయంగా ఆస్టోరియా వచ్చి, ఖరీదైన కోటుతో వంటింటి స్టూలు మీద కూర్చుంది. ఆవిడ మొహం చూసి ఫొటీని బంగాళాదుంపలు చెక్కడం ఆపలేదు. విషయం ఏమిటంటే, మార్లిస్ డేన్ అసలు ఏజెంటు ఆర్గిరిస్‌కి నిజంగానే ఫోన్ చేశాడట. మేడమ్ చేతులకి చాకిరీ నప్పదు, ఆఖరి పాటలో ఆ చొక్కా తీసేయండి, వెలుగులో ఒక్కత్తే నిలబడి పాడుతుంది అన్నాడట. దానికి మావాడు ఏమన్నాడో లొరైన్ కాగితం చూసి చదివింది. "మీ మేడమ్ టీవీలో ఒక్క రోగిని బతికించలేదు, నా పాటనైనా బతకనివ్వమని చెప్పు. ముందు మా ఇంటికొచ్చి మా పిల్ల రెండో బూటు వెతికిపెట్టమను, అప్పుడు చూద్దాం."

ఆ మాట విన్న సాయంత్రమే మార్లిస్ డేన్ తప్పుకుందట.

ఆర్గిరిస్ రెండు చేతులూ చాచి, "మా బావ అనుకున్నానండీ. ఆయన సంగతి మీకు తెలుసుగా," అన్నాడు.

లొరైన్ నా వైపు తిరిగింది. ఎలుకల జున్ను ఆవిడ మరిచిపోలేదు. ఫొటీని, మిర్తో కూడా నా వైపు తిరిగారు. నేను చెయ్యని ఫోన్‌కి నన్ను ఆ చూపులు చూస్తే ఏం చెప్పను? ఆ వారం నేను చేసింది ఒక్క కుక్క ఫోనే అని మొత్తుకున్నాను. నా వల్లే ఇలాంటి పొరపాట్లు జరుగుతాయని నలుగురూ ఒకే మాట అన్నారు. జీవితంలో మొదటిసారి ఆ ఇంట్లో అందరూ ఒకటయ్యారు.

హాలు ఏప్రిల్‌కి ఖాయమైపోయింది, వదిలితే ఇంకో నాటకం వచ్చి కూర్చుంటుంది. ఇంకో పేరు వెతకడానికి లొరైన్‌కి వ్యవధి లేదు. తగ్గి, ఫొటీనిని అడిగింది. ఇంకెవరైనా పెద్ద పేరు దొరికేదాకా నువ్వు కట్టు అంది. మా చెల్లెలు ఇంకో దుంప తీసుకుంది.

"దొరికేదాకా అన్న మాట కొట్టెయ్యండి," అంది. "చొక్కా ఉంటుంది. నా పేరు నాటకం పేరు పక్కనే ఉంటుంది. అంతే. గది ఏ రంగైనా నాకు పట్టదు."

లొరైన్ గొణిగింది, మా చెల్లెలి ఏజెంటుతో రెండు రోజులు బేరం లాగింది, చివరికి ఒప్పుకుంది. ఒప్పందంలో తన వంతుగా ఒక ముక్క చేర్పించింది. నటి అన్నగారు ఈ నాటకానికి సంబంధించిన ఎవరికీ ఏ గొంతుతోనూ ఫోన్ చేయరాదు. నన్ను మిఠాయి పెట్టెతో ఆవిడ ఆఫీసుకి పంపి క్షమాపణ కూడా చెప్పించారు. పెట్టె నా డబ్బులతోనే.

ఇక అంతా సర్దుకుందనుకున్నాను. ఎక్కడ? రిహార్సళ్ళు మొదలయ్యాయి, ఫొటీని గొంతు గంటలా మోగేది, ఇంటికొచ్చాక మాత్రం మళ్ళీ మీ నాన్నని ఉప్పందుకోమను. ఒకరోజు విసుగొచ్చి, "వేషం వచ్చింది కదే, ఇంకా ఏం కావాలి నీకు?" అని అడిగాను.

"నాకా వేషం ఆర్గిరిస్ ఇవ్వలేదన్నయ్యా. రాంగ్ నంబరు ఇచ్చింది," అంది. "రోజూ ఆ చొక్కా మడతపెట్టినప్పుడల్లా అదే గుర్తొస్తోంది. నన్నెవరూ కావాలనుకోలేదు. మిగిలాను కాబట్టి దొరికాను."

ఆర్గిరిస్ పక్క గదిలోనే ఉన్నాడు. వినే ఉంటాడు. పియానో మూత మెల్లగా పడిన చప్పుడైంది, అంతే.

నాటకం ఆరంభానికి కొద్ది రోజుల ముందు ఈస్టర్ వచ్చింది. బల్ల మీద గొర్రెపిల్ల మాంసం, తీపి రొట్టె, ఉడికించి ఎర్రరంగు వేసిన గుడ్ల గిన్నె. మా ఆచారం మీకు తెలిసిందే, గుడ్డుకి గుడ్డు కొట్టి ఎవరిది పగలకపోతే ఆ ఏడాది అదృష్టం వాళ్ళది. ఏటా నాదే పగలదు. ఎందుకంటే నా జేబులో ఎర్రరంగు వేసిన చెక్క గుడ్డు ఉంటుంది. ఇన్నేళ్ళలో ఒక్కరూ కనిపెట్టలేదు.

తింటూ తింటూ మిర్తో నన్ను ఏడిపించడం మొదలెట్టింది. మావయ్య వల్ల అమ్మకి వేషం వచ్చింది, మావయ్యకి జీతం ఇవ్వాలి అంటూ. నాకు ఒళ్ళు మండింది.

"అసలు ఆ దిక్కుమాలిన ఫోన్ ఎప్పుడొచ్చిందే?" అన్నాను.

"వంటింట్లో నీళ్ళు నిండిన రోజే మావయ్యా. నేను బక్కెట్ పట్టుకున్నాను కదా, నాన్న ఫోన్‌లో ఎవర్నో నా బూటు వెతకమంటుంటే నవ్వొచ్చింది."

"చూశారా," అని నేను బల్ల చరిచాను. "ఆ పొద్దున్న నేను మీ సింకు కిందే చచ్చాను కదా. మొహం నిండా నీళ్ళు. ఇదిగో, ఈ ఆర్గిరిస్సే ఫోన్ చెవికి పెట్టుకుని వచ్చి నా చేతికి పానా ఇచ్చాడు. అయినా తప్పు నాదేనా? ఆ మిఠాయి పెట్టె ఎవరిస్తారు నాకు?"

నేను పెట్టె సంగతి ఇంకో రెండు ముక్కలు చెప్పాక గమనించాను, ఫొటీని చేతిలో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది. ఆర్గిరిస్‌నే చూస్తోంది.

"అన్నయ్యకి పానా ఇస్తూ, ఫోన్‌లో ఉన్నది అన్నయ్య అనుకున్నావా?" అంది నెమ్మదిగా.

ఆర్గిరిస్ చెవులు ఎర్రబడ్డాయి. "చొక్కా తీసేయమన్నాడు," అన్నాడు. "అప్పటిదాకా ఓర్చుకోగలననుకున్నాను. అది నువ్వు తప్ప వేరేవాళ్ళు మడతపెడితే చూడలేనని అప్పుడు తెలిసింది. సంతకం వెనక్కి తీసుకోలేను. ఆవిడంతట ఆవిడే పోయేలా తిట్టాను, అడ్డం పెట్టుకోవడానికి బావ పేరొకటే మిగిలింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు నవ్వుతావు. నువ్వు నవ్వితే లొరైన్‌కి తెలిసిపోతుంది. అదీగాక, ముందు సంతకం పెట్టింది కూడా నేనే కదా. ఏ మొహంతో చెప్పను?"

మా చెల్లెలు నవ్వలేదు. ఏప్రన్ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తర్వాత, ఇన్ని నెలల తర్వాత మిర్తోతో పని లేకుండా, "ఉప్పు ఇటివ్వు," అంది అతనితోనే. అతను ఉప్పుగిన్నె అందిస్తూ దాని చెయ్యి వదల్లేదు.

అప్పటికి నాకు అర్థమైంది. ఊరందరినీ ఫోన్‌లో ఏడిపించినవాణ్ణి, ఫోనే చెయ్యకుండా దొరికిపోయాను. మెట్ల దగ్గర వాడు నా మొహంలోకి చూసింది అందుకన్నమాట. క్షమాపణలు చెప్పాను, మిఠాయి కొన్నాను, కాంట్రాక్టులోకి కూడా ఎక్కాను. పరువు కొంచెమైనా నిలబెట్టుకుందామని, "గుడ్డు తియ్యరా," అన్నాను ఆర్గిరిస్‌తో. జేబులోంచి నాది తీసి గట్టిగా కొట్టాను.

నాది పగిలింది. పైగా పచ్చిది. పచ్చసొన నా తెల్లచొక్కా మీద కాలరు నుంచి బొత్తాల దాకా జారింది. మిర్తో తన జేబులోంచి నా చెక్క గుడ్డు తీసి బల్ల మీద పెట్టింది. వాళ్ళకి అది ఏడేళ్ళుగా తెలుసట.

ఫొటీని అప్పుడు నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూనే. నా చొక్కా విప్పించి ఉతకడానికి తీసుకెళ్ళింది. ఎంత రుద్దినా మరక పూర్తిగా పోలేదు. ఆరాక మడతపెడుతూ ఆగిపోయింది, నాటకంవాళ్ళిచ్చిన చొక్కా మరీ కొత్తగా ఉంది, ఇది నాకివ్వు అన్నయ్యా అంది.

అదండీ సంగతి. ఇప్పుడు ఆఖరి పాటలో ఫొటీని ఆ చొక్కా ఎత్తి, గుండెల మీది మరకని వేలితో తడిమినప్పుడు హాలంతా గొల్లుమంటుంది. ఎవరి ప్రాణమో పోయిన గుర్తనుకుంటారు. నాలుగో వరసలో చేతిరుమాలు లాక్కున్న పెద్దమనిషీ, అది గుడ్డు.