వీపు మీది పేరు

1977 అక్టోబర్ 15, శనివారం, ఉదయం ఆరున్నర. బ్రాంక్స్‌లో, ఫాక్స్ వీధి అపార్టుమెంటు నాలుగో అంతస్తులో ఎనెయిడా కింటానా తన కూతురి జాకెట్ వెనక కుట్టిన అక్షరాలను బ్లేడుతో విప్పేసింది. ఫోర్త్ ఫ్లోర్ రాకర్స్. పద్దెనిమిది ఇంగ్లీషు అక్షరాలు. పొయ్యి మీద కాఫీ పొంగింది. ఆమె చూడలేదు.

కూతురు నిల్సాకు పదిహేనేళ్లు. లేచి వచ్చి బల్ల మీది కుప్ప చూసింది.

"ఏం చేశావు మామీ? ఇవాళ పోటీ ఉంది మాకు."

"పోటీకి వెళ్లేది లేదు."

"మూడు రోజులు కూర్చుని కుట్టాను."

"తెలుస్తూనే ఉంది. 'ఆర్' వంకరపోయింది." ఎనెయిడాది బట్టల ఫ్యాక్టరీలో కోట్లకు చేతులు కుట్టే పని.

ఆ వీధిలో వరసగా జరిగిన అగ్నిప్రమాదాల తర్వాత ఆ అంతస్తులో మిగతా మూడిళ్లూ ఖాళీ అయ్యాయి. మార్చిలో నిల్సా, మరో నలుగురు పిల్లలు ఒక ఖాళీ ఇంట్లోంచి నేల మీది నున్నటి లినోలియం పట్టా పీకి తెచ్చి తలుపుల ముందు నడవలో పరిచారు. దాని మీద వీపు ఆనించి గిర్రున తిరగడం నేర్చుకున్నారు. ఎనెయిడా డ్యాన్సును ఎప్పుడూ కాదనలేదు. రేడియో తగ్గించమని మాత్రం అరిచేది. జాకెట్ వెనక పేరు చూశాకే ఆమె బ్లేడు పట్టింది.

"మేం గ్యాంగు కాదు మామీ. కొట్టుకోవడం ఇష్టం లేకే కదా డ్యాన్స్‌తో పోటీ పడేది."

"అది నీకు తెలుసు. వీధికి తెలుసా?"

ఆమె మంచం కింద నుంచి అట్టపెట్టె లాగింది. అందులో చేతుల్లేని జీన్స్ కోటు ఉంది. అది చనిపోయిన పెద్దకొడుకు ఎఫ్రాయిన్‌ది. వెనక అతని గ్యాంగు పేరు ఉంది. పేరు కింద రెండు వేళ్ల వెడల్పున చీలిక ఉంది.

"మీ అన్న రొట్టె తేవడానికి వెళ్లాడు. పొడిచినవాడు వాడి మొహం కూడా చూడలేదు. వీపు చదివాడు, అంతే."

నిల్సా చీలిక దాకా వేలు తీసుకెళ్లి వెనక్కి తీసుకుంది.

ఎవరో తలుపు కొట్టారు. ఎనెయిడా తలుపు కన్నంలోంచి చూసింది. మూడో అంతస్తు ఓటిస్. జట్టులో ఒకడు. ఒంటి మీద జాకెట్ లేదు.

"వీధి మూల దగ్గర గ్యాంగువాళ్లు ఇద్దరు ఆపారు, మిసెస్ కింటానా. ఎవర్ని అడిగి పేరు వేసుకున్నావన్నారు. జాకెట్ లాక్కున్నారు."

"కొట్టారా?"

"లేదు. మిగతావాళ్లకీ చెప్పమన్నారు."

మిగతా ముగ్గురూ సాధన కోసమని పోటీ చోటుకు, స్కూలు ఆవరణకు, అప్పటికే వెళ్లిపోయారు. ఎనెయిడా ఓటిస్‌ను లోపలికి లాగి తలుపుకు తాళం వేసి, తాళంచెవి పిడికిట్లో పెట్టుకుంది.

"తాళం తియ్యి మామీ. వాళ్లకేం తెలీదు. వీధికి వీపులు పెట్టి నిలబడుంటారు."

ఎనెయిడా పిడికిలి విప్పి తాళం తీసింది. తర్వాత సూదులు, దారం, కత్తెర, విప్పిన అక్షరాలు, జాకెట్ సంచిలో వేసుకుంది.

"ఇద్దరూ ముందు నడవండి. వెనక నేనుంటాను."

స్కూలు దాకా మూడు వీధులూ ఆమె వాళ్ల వెనకే నడిచింది.

ముగ్గురూ కంచె పక్కనే ఉన్నారు. ఆమె జాకెట్లు విప్పించి స్కూలు మెట్ల మీద కూర్చుంది. అక్షరాలు ఊడదీసి, ఛాతీ వైపు పెద్ద పెద్ద కుట్లతో కుట్టసాగింది. నిల్సా సూదుల్లో దారం ఎక్కించింది.

"అన్నయ్య రొట్టె కోసం వెళ్లాడని నాకెప్పుడూ చెప్పలేదు."

"పంపింది నేనే."

నిల్సా ఆమె భుజానికి తల ఆనించి ఏడ్చింది. ఎనెయిడా కుట్టడం ఆపలేదు.

పదకొండింటికి ఇద్దరు మనుషులు కంచె దగ్గరికొచ్చారు. ఒకడి భుజం మీద ఓటిస్ జాకెట్ ఉంది. సూది ఎనెయిడా వేలికి గుచ్చుకుంది.

"పేరు ముందుకొచ్చిందేంటి, సెన్యోరా?"

"మొహం చూసి చదవాలని."

అతను పిల్లల్ని ఒక్కొక్కరినీ చూశాడు. "డ్యాన్స్ పిల్లలా?"

"డ్యాన్స్ పిల్లలే. అదీ ఇటివ్వు. కుట్టాలి."

అతను పక్కవాడి వంక చూశాడు. జాకెట్ కంచె మీంచి విసిరాడు.

పోటీ ఒంటిగంటకు మొదలైంది. జట్టు ఓడిపోయింది. ఐదుగురూ నాలుగింటికి ఇళ్లకు చేరారు. 1982లో విడిపోయే నాటికి జట్టులో ఇరవై ముగ్గురయ్యారు. ఇరవై మూడు జాకెట్లకూ పేరు ఛాతీ మీదే ఉంది.